స్నేహితుడు అమృత్ తీసుకున్నాడు, ఇప్పుడు మా వాడి ఎంగిలి తినడట

రమణి_కూకట్‌పల్లి
మా వాడు తొమ్మిదో తరగతి. వాడి ప్రాణస్నేహితుడు సిక్కుల పిల్లాడు. అత్తాపూర్ నుంచి మా వీధికి వచ్చి చాలా ఏళ్లయింది, నాకంటే చక్కగా తెలుగు మాట్లాడతాడు. ఇద్దరూ ఒకే డబ్బాలో తిని పెరిగారు. ఈ వేసవి సెలవుల్లో ఆ పిల్లాడు అమ్మానాన్నలతో నాందేడ్ వెళ్లి అమృత్, అంటే సిక్కుల దీక్ష, తీసుకుని వచ్చాడు. ఇదివరకు చిన్న పట్కా కట్టుకునేవాడు, ఇప్పుడు నిండు తలపాగా, చొక్కా లోపల భుజం మీదుగా పట్టీ, దానికో చిన్న కత్తి. అదంతా మాకు ముచ్చటగానే ఉంది. మా వాడి బాధ వేరే. మొన్న సగం కొరికిన జామకాయ ఇస్తే ఆ పిల్లాడు వద్దన్నాడట. నీళ్ల సీసా కూడా వేరే. రాత్రి పడుకోబోయే ముందు "అమ్మా, నేను తక్కువవాడినా?" అని అడిగాడు. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనంలో, ఎవరొచ్చినా పక్కపక్కనే కూర్చోబెట్టి పెట్టే మనుషులకి ఈ పట్టింపు ఎందుకు? వాళ్లమ్మని అడగొచ్చా, నొచ్చుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

నవీన్_నిజామాబాద్
గిందులో బాధపడేదేముందక్కా. అయ్యప్ప మాల ఏసుకున్నోళ్లు ఏం జేస్తరు? కంచం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. మా అన్న మాలేస్తే నేను తాగిన చెంబు ముట్టడు. నన్ను తక్కువ జేసిండని నేనెప్పుడన్న అనుకున్ననా? దీక్ష అంటే గంతే.

అత్తాపూర్_సింగ్
రమణి గారూ, నేను అమృత్‌ధారినే, అంటే అమృత్ తీసుకున్నవాణ్ణే. మా ముత్తాతల నుంచి హైదరాబాదే. ముందు మీ అబ్బాయికి ఈ ఒక్క మాట చెప్పండి: ఆ పిల్లాడు వద్దన్నది మీవాడి కులాన్ని చూసి కాదు, మతాన్ని చూసి కాదు. నా సొంత తమ్ముడు అమృత్ తీసుకోలేదు. వాడు కొరికింది నేను తినను, ఒకే కంచంలో తినం. అయినా వాడు లేకుండా నాకు పండగ లేదు.

మా రహిత్ మర్యాద అని ఒక నియమావళి ఉంది, 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఆమోదించింది. అమృత్ తీసుకోనివాళ్ల ఎంగిలి, తీసుకుని నియమం తప్పినవాళ్ల ఎంగిలి తింటే తన్‌ఖా పడుతుందని అందులో రాసి ఉంది. తన్‌ఖా అంటే ఐదుగురు అమృత్‌ధారుల ముందు చేతులు కట్టుకుని నిలబడి తప్పు చెప్పుకోవాలి. వాళ్లు లంగర్ గిన్నెలు తోమమంటారు, గురుద్వారాకి వచ్చిన సంగత్ చెప్పులు తుడవమంటారు, ఇన్నిసార్లు ప్రార్థనలు చదవమంటారు. ఆ పిల్లాడు కొత్తగా తీసుకున్నాడు కాబట్టి భయంభయంగా ఉంటాడు. నేనూ మొదట్లో అలాగే ఉండేవాణ్ణి.

నవీన్ భాయ్, మాలతో పోల్చావు, బాగుంది. కానీ మండలం కాగానే మాల తీసేస్తారు. ఇది ప్రాణం ఉన్నన్నాళ్లూ.

మాటకు_మాట
సింగ్ గారు చెప్పిందే తీసుకుందాం. అమృత్ తీసుకున్నవాడికి, తీసుకోనివాడికి మధ్య ఎంగిలి గీత. కులం గీత చెరిపి దాని పక్కన ఇంకో గీత గీసినట్టే కదా? తొమ్మిదో తరగతి పిల్లాడికి రెండు గీతలకీ తేడా ఏం తెలుస్తుంది? వాడికి తెలిసింది జామకాయ వద్దన్నారని.

అత్తాపూర్_సింగ్
@మాటకు_మాట మీ ప్రశ్న సరైనదే. అమృత్ ఎలా ఇస్తారో చెప్తాను, అది విన్నాక తూకం వేయండి.

గురు గ్రంథ్ సాహిబ్ సన్నిధిలో ఐదుగురు అమృత్‌ధారులు, ఐదు కకార్లూ, అంటే ఒంటి మీద ఉండాల్సిన ఐదు గుర్తులూ, ధరించి, ఒక ఇనుప బాటా, అంటే గిన్నె, చుట్టూ వీరాసనంలో కూర్చుంటారు. బాటాలో మంచినీళ్లు, పతాసలు. ఒక్కొక్కరూ వంతుగా ఒక్కో బాణీ, అంటే గురువుల ప్రార్థన, చదువుతూ ఖండాతో, అంటే రెండువైపులా పదునున్న కత్తితో, ఆ నీళ్లు కలుపుతారు. జప్‌జీ, జాప్, సవయ్యే, చౌపయీ, ఆనంద్. ఐదూ పూర్తయ్యేవరకు ఎవరూ కదలరు. తర్వాత దీక్ష తీసుకునేవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి దోసిలి పడతారు. ఐదు దోసిళ్లు తాగాలి, ఐదుసార్లు కళ్లలో చల్లుతారు, ఐదుసార్లు జుట్టులో. ప్రతిసారీ "వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతే" అనాలి. మిగిలిన అమృతాన్ని అందరూ అదే బాటాకి నోరు పెట్టి తాగుతారు. నా పక్కన ఆ రోజు ఒక లారీ డ్రైవరు, ఒక డాక్టరమ్మ, కత్తులు సానబెట్టే సిక్లీగర్ కుటుంబం పిల్లాడు ఉన్నారు. ఒకరు తాగిన బాటా ఇంకొకరికి. చివర్లో కడాహ్ ప్రసాద్, అంటే హల్వా, కూడా ఒకే గిన్నెలోంచి తినాలి. ఎవరి ఎంగిలి ఎవరు తినకూడదో వేల ఏళ్లు లెక్కలు కట్టిన దేశంలో, పదిమందిలోకి వెళ్లే ముందు ఎంగిలి తాగించడమే దీక్ష.

ఆ రోజు నుంచి నీ తండ్రి గురు గోబింద్ సింగ్, తల్లి మాతా సాహిబ్ కౌర్, పుట్టింది కేశ్‌గఢ్, ఊరు ఆనంద్‌పూర్ అని చెప్తారు. పాత కులం, పాత వృత్తి, పాత గోత్రం అక్కడితో పోయినట్టు లెక్క.

మాటకు_మాట
ఆ బాటా సంగతి నాకు తెలియదు. గొప్పగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ లోపల ఒకే గిన్నె అయినప్పుడు బయటివాడితో వేరు గిన్నె ఎందుకన్న ప్రశ్న అలాగే ఉంది.

కౌర్_తార్నాక
దానికి నేను చెప్తా. అమృత్ తీసుకున్నవాళ్లలో కూడా అందరూ ఒకేలా పాటించరు. కొన్ని జథాలవాళ్లు, అంటే కొన్ని బృందాలవాళ్లు, అమృత్‌ధారులు వండింది మాత్రమే తింటారు, అదీ ఇనుప పాత్రల్లోనే. మా ఇంట్లో నేను అమృత్‌ధారిని, మా ఆయన కాదు. వంట ఒకటే, పొయ్యి ఒకటే, కంచాలు వేరు, అంతే. పక్కింటి పిన్ని దసరాకి పంపే పులిహోర హాయిగా తింటాను. రమణి గారూ, జామకాయ కొరక్కముందే రెండు ముక్కలు చేస్తే సరిపోతుంది. మీవాడికి చెప్పండి, ఆ పిల్లాడు పరుగెత్తుకుంటూ వచ్చి తీసుకుంటాడు.

జహీరాబాద్_చెరకుతోట
మా పక్కనే బీదర్. గురు గోబింద్ సింగ్ మొట్టమొదట అమృత్ ఇచ్చిన ఐదుగురు ప్యారేల్లో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ ఆ ఊరాయనే అని ఇక్కడ ఎంతమందికి తెలుసు? మంగలి వృత్తి కుటుంబం. అలాంటి ఇంట పుట్టినాయన జీవితాంతం వెంట్రుక కత్తిరించని ఖాల్సాకి, అంటే అమృత్ తీసుకున్నవాళ్ల సమూహానికి, తల ఇస్తానని లేచి నిలబడ్డాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తది నాకు. అక్కడి గురుద్వారాలో నానక్ ఝీరా ఊట నీళ్లు తాగడానికి ఏటా పోతం మేము.

చరిత్ర_పిచ్చి
చెరకుతోట గారు బాగా గుర్తుచేశారు. 1699 వైశాఖి, ఆనంద్‌పూర్. గురువు కత్తి దూసి ఒక తల కావాలని అడిగారు. లేచినవాళ్లని చూడండి: లాహోర్ ఖత్రీ దయారామ్, హస్తినాపురం జాట్ ధర్మదాస్, పూరీ నుంచి నీళ్లు మోసే హిమ్మత్, ద్వారక నుంచి బట్టలకు అద్దకం వేసే మోహ్‌కమ్, బీదర్ సాహిబ్. దేశం నాలుగు మూలలూ, వృత్తులన్నీ. ఐదుగురికీ చివర సింగ్ పెట్టారు.

నన్ను కదిలించేది దాని తర్వాత జరిగింది. అప్పటిదాకా గురువు పాదం తాకిన నీళ్లు తాగి శిష్యులయ్యేవారు, చరణ్ పాహుల్ అనేవారు. ఆ రోజు గురువు దాన్ని మార్చి ఖండాతో కలిపిన నీళ్లు ఇచ్చారు. ఇచ్చి, ఆ ఐదుగురి ముందే తాను మోకరిల్లి తనకూ ఇమ్మని అడిగారు. గోబింద్ రాయ్ గోబింద్ సింగ్ అయింది అప్పుడే, వాళ్ల చేతుల మీదుగా. ఇప్పటికీ అమృత్ ఇచ్చే అధికారం ఏ ఒక్క పెద్దమనిషికీ లేదు. ఐదుగురు కూర్చోవాల్సిందే.

బాసర_బిడ్డ
ఆడవాళ్లకి కూడా ఇదే దీక్షనా? ఆ ఐదుగురిలో ఆడవాళ్లు ఉండొచ్చా?

కౌర్_తార్నాక
దీక్ష ఒకటే, ఐదు కకార్లూ ఒకటే. కేశాలు, కంఘా అంటే దువ్వెన, కడా అంటే ఇనుప కంకణం, కచెరా అంటే లోదుస్తు, కిర్పాన్ అంటే చిన్న కత్తి. నా కిర్పాన్ చున్నీ కింద ఉంటుంది, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలియదు. తలపాగా కట్టుకోవడం ఆడవాళ్ల ఇష్టం, మగవాళ్లకి తప్పనిసరి. కొందరైతే కేశాలకు బదులు కేస్కీనే, అంటే తలకు చుట్టే చిన్న పాగానే, కకార్ అంటారు. వాళ్లలో ఆడవాళ్లందరూ కట్టుకుంటారు.

అమృత్ ఇచ్చే ఐదుగురిలో ఆడవాళ్లు ఉండొచ్చని మర్యాదలోనే రాసి ఉంది. కానీ నేను ఎక్కడా చూడలేదు. పుస్తకంలో ఉన్నది బాటా దగ్గర ఎందుకు కనపడదని మా సంగత్‌లో అడుగుతూనే ఉంటాను. అడగడం మానను కూడా.

బాసర_బిడ్డ
అడగండి అక్కా 🙏

ఫణి_ఏలూరు
కంఘా, కచెరా సంగతి ఎవరూ చెప్పరేంటి? కత్తి గురించి అందరూ మాట్లాడతారు, దువ్వెన గురించి ఒక్కరూ మాట్లాడరు.

అత్తాపూర్_సింగ్
మంచి మాట. కంఘా చెక్కది, జుట్టు ముడిలోనే ఉంటుంది. రోజుకి రెండుసార్లు దువ్వుకోవాలి. సన్యాసులు జుట్టు పెంచి జడలు కట్టనిస్తారు, లోకం వదిలేస్తారు. మాకు జుట్టు పెంచడం ఉంది, లోకం వదలడం లేదు. పెళ్లి చేసుకోవాలి, కష్టపడి సంపాదించాలి, అందులో పదో వంతు దస్వంధ్ తీయాలి. అందుకే జుట్టుతో పాటే దువ్వెన. కచెరా మోకాళ్ల పైదాకా ఉండే లోదుస్తు. గుర్రం ఎక్కడానికీ యుద్ధానికీ వీలు, దానికి మించి శీలానికి గుర్తు. కట్టుకున్నవాళ్లు తప్ప పరాయి స్త్రీ, పరాయి పురుషుడు వద్దన్నది నాలుగు కురహిత్‌లలో, అంటే పెద్ద నిషేధాల్లో, ఒకటి. మిగతా మూడు వెంట్రుక కత్తిరించడం, పొగాకు, కుట్ఠా మాంసం. ఈ నాలుగింట్లో ఏది తప్పినా పతిత్, అంటే దీక్ష పోయినట్టే, మళ్లీ అమృత్ తీసుకోవాలి.

ఫణి_ఏలూరు
కుట్ఠా అంటే?

అత్తాపూర్_సింగ్
హలాల్ పద్ధతిలో కోసింది. అంటే హైదరాబాద్‌లో పుట్టి హోటల్ బిర్యానీ తినకూడదన్నమాట 😄 నేను ఇంట్లోనే వండుతాను. జట్కా, అంటే ఒక్క వేటుతో కోసిన, మాంసం దొరికేచోటు వెతుక్కోవాలి. అది దొరక్క కొందరు కూరగాయలకే స్థిరపడిపోయారు. అసలు మాంసమే వద్దనే జథాలూ ఉన్నాయి, ఆ వాదన మాలో ఎప్పటికీ తెగదు. లంగర్‌లో మాత్రం సాధారణంగా శాకాహారమే, వచ్చిన ఏ ఒక్కరూ తినలేకుండా లేచిపోకూడదని.

నవీన్_నిజామాబాద్
బిర్యానీ ఇడిశిపెట్టుడంటే అసలు దీక్ష గదే అన్నా. దండం నీకు.

రమణి_కూకట్‌పల్లి
ఇన్ని సంగతులు తెలుస్తాయనుకోలేదు. నిన్న వాళ్లమ్మని అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు, చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. జామకాయ వద్దన్నాక వాళ్లవాడు కూడా ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదట. తార్నాక కౌర్ గారు చెప్పినట్టే, కోసి పెట్టండి చాలు అంది. మా వాడికి సింగ్ గారి బాటా సంగతి చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు.

ఇప్పుడు ఇంకో పెద్ద సమస్య వచ్చిపడింది. కిర్పాన్ ఇంట్లో పెట్టి రమ్మని స్కూల్లో చెప్పారట. లేకపోతే క్లాసులోకి రానివ్వం అన్నారట. పిల్లాడు అది తీయనంటాడు. వాళ్లమ్మ దిగులుగా ఉంది. దీనికి చట్టం ఏమైనా ఉందా?

మాటకు_మాట
ఇక్కడ నేను స్కూలు పక్షం. భక్తి ఎంతైనా ఉండనీ, వంద మంది పిల్లలు తోసుకునే చోట కత్తి కత్తే. ఈ పిల్లాడు బంగారం అనుకుందాం, పక్కవాడు లాక్కుంటే? అయినా తొమ్మిదో తరగతికే జీవితకాలపు ప్రమాణం ఏమిటి? 

లాయరమ్మ_విజయవాడ
రమణి గారూ, రాజ్యాంగం 25వ అధికరణం కింద ఒక వివరణ ఉంది. కిర్పాన్ ధరించడం, వెంట ఉంచుకోవడం సిక్కు మతాన్ని పాటించడంలో భాగమేనని పేరు పెట్టి చెప్పింది. అయితే ఆ అధికరణం మొత్తం శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యాలకు లోబడే ఉంటుంది. కాబట్టి పూర్తిగా వద్దనడం కష్టం, ఎలా ధరించాలో షరతులు పెట్టడం కుదురుతుంది. 2018లో ఢిల్లీ హైకోర్టు నీట్ రాసే సిక్కు పిల్లలను కడా, కిర్పాన్‌తోనే అనుమతించమంది, తనిఖీ కోసం గంట ముందు రావాలని షరతు పెట్టింది. విమానాల్లో చూడండి. 2022 నియమం ప్రకారం దేశంలోపల ప్రయాణానికి కిర్పాన్ మొత్తం పొడవు 22.86 సెంటీమీటర్లు, పదును భాగం 15.24 సెంటీమీటర్లు మించకూడదు. అంటే నిషేధించలేదు, కొలత పెట్టారు. స్కూల్లో కూడా ఆ దారిలోనే మాట్లాడాలి.

టొరంటో_తెలుగు
ఇక్కడ కెనడాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో మాంట్రియల్‌లో పన్నెండేళ్ల పిల్లాడి కిర్పాన్ స్కూలు ఆవరణలో జారి పడింది. స్కూలు బోర్డు వద్దంది. 2006లో కోర్టు పూర్తి నిషేధం చెల్లదని చెప్పింది. బట్టల లోపల ఉండాలి, ఒరలో పెట్టి బయటికి రాకుండా కుట్టి ఉండాలి అన్న షరతులతో ఒప్పుకుంది. మా అమ్మాయి స్కూల్లో అలా వేసుకునే పిల్లలు ఉన్నారు, ఎవరికీ పట్టింపే లేదు. @మాటకు_మాట లాక్కుంటే అన్న భయం ఆ కేసులోనూ వచ్చింది. కత్తెరలు, క్రికెట్ బ్యాట్‌లాంటి బేస్‌బాల్ బ్యాట్‌లు స్కూల్లో అంతకంటే సులువుగా దొరుకుతాయని కోర్టు గుర్తుచేసింది.

అదే దేశంలో, మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రం 2019లో చట్టం తెచ్చి ప్రభుత్వ బడి టీచర్లు తలపాగాతో పాఠం చెప్పకూడదంది. కాబట్టి ఒక కేసు గెలిస్తే అయిపోయిందని అనుకోవడానికి లేదు.

అత్తాపూర్_సింగ్
@మాటకు_మాట వయసు గురించి అడిగారు. మర్యాదలో ఇన్నేళ్లని అంకె లేదు. మరీ పసివాళ్లు కాకూడదు, మంచిచెడ్డ తెలిసే వయసు రావాలి అని ఉంది. నన్నడిగితే ఇంకొన్నాళ్లు ఆగినా బాగుండేది. మా పిల్లలకి నేనే ఆగమని చెప్పాను. కానీ తీసుకున్నాక ఆ పిల్లాణ్ణి రోజూ పొద్దున తీసేసి సాయంత్రం పెట్టుకోమనడం ఎలా కుదురుతుంది? కిర్పాన్ తీసి బల్ల మీద పెట్టి వెళ్లడమంటే మాకు ఒంట్లో భాగం తీసి పెట్టినట్టే. చిన్న కిర్పాన్, గాత్రా అంటే దాని పట్టీ చొక్కా లోపల, ఒరకి పైన కుట్టు, ఇది మేమే స్కూళ్లతో చాలాసార్లు మాట్లాడుకుని ఒప్పించిన పద్ధతి. దీనికి పంథ్‌లో, అంటే మా సిక్కు సమాజంలో, చాలామంది తప్పుపట్టరు. నేను సోమవారం ఆ తల్లిదండ్రులతో కలిసి స్కూలుకి వస్తాను. రమణి గారూ, వాళ్లకి నా మాట చేరవేయండి.

మాటకు_మాట
కుట్టేసి లోపల పెట్టుకుంటే నాకు అభ్యంతరం తగ్గుతుంది. పోదు, తగ్గుతుంది. వయసు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను, మీరూ సగం ఒప్పుకున్నారు.

చరిత్ర_పిచ్చి
సింగ్ గారూ, మీ ముత్తాతల కాలం అంటే లాహోర్ ఫౌజేనా?

అత్తాపూర్_సింగ్
అవును. 1830లలో నిజాం దివాను చందూలాల్ అడిగితే మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైన్యం. శిస్తు వసూళ్లకి, శాంతిభద్రతలకి వాడుకున్నారు. ఇక్కడే బరంబలాలో ఛావనీ వేసి ఉండిపోయారు. రంజిత్ సింగ్ నాందేడ్ గురుద్వారా కట్టించింది కూడా ఆ రోజుల్లోనే. మా ఇళ్లలో దక్కనీ, పంజాబీ, తెలుగు కలిసిపోయి ఉంటాయి. పంజాబ్ వెళ్తే మా మాట విని నవ్వుతారు, తలపాగా చూసి కౌగిలించుకుంటారు.

బాసర_బిడ్డ
నాందేడ్ గోదావరి మా బాసరకే వస్తది. 1708లో గురు గోబింద్ సింగ్ అక్కడే పరమపదించారని, తర్వాత గురువు గ్రంథమే అని చెప్పింది కూడా అక్కడేనని మా సార్ చెప్పిండు. ఇప్పటికీ రోజూ తెల్లారకముందే ఒక సింగ్ గోదావరికి నడిచిపోయి గాగర్‌లో నీళ్లు తెస్తడు, ఆ నీళ్లతోనే లోపల కడుగుతరు. నేను చూసిన.

కౌర్_తార్నాక
నాందేడ్ గురుద్వారా హజూర్ సాహిబ్ పద్ధతులు వేరుగా ఉంటాయి, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. సాయంత్రం దీపాలతో ఆరతి, గురు గ్రంథ్ సాహిబ్‌తో పాటు గురు గోబింద్ సింగ్ పేరుతో ఉన్న దసమ్ గ్రంథ్ కూడా కొలువు, ఆయుధాలకి చందనం. అమృత్‌సర్ పద్ధతే సరైనదని కొందరంటారు. నాకైతే ఆ పాత దక్కన్ వాసన పోకూడదనే ఉంటుంది. తర్వాత ఖాల్సా సేనల్ని నడిపిన బందా సింగ్ బహదూర్‌ని గురువు కలిసింది ఆ గట్టునే, బైరాగిగా ఉన్న మాధోదాస్‌ని ఖాల్సా చేసింది అక్కడే.

ఫణి_ఏలూరు
కూకట్‌పల్లి స్కూలు సంగతి వదిలేశారు అందరూ. లాయరమ్మ గారూ, ఉత్తరం ఎలా రాయాలో చెప్పండి.

లాయరమ్మ_విజయవాడ
ఒక పేజీ చాలు. పిల్లాడు ఫలానా తేదీన అమృత్ తీసుకున్నాడు, కిర్పాన్ తీయకూడనిది, 25వ అధికరణం వివరణ ఇది. తర్వాత వీళ్లే షరతులు రాయాలి: పొడవు ఇంత, చొక్కా లోపల, ఒర కుట్టి ఉంటుంది, ఆటల పీరియడ్‌లో కూడా లోపలే, ఎవరికీ చూపించడు, కావాలంటే వారానికోసారి కుట్టు చూసుకోండి. స్కూలు అడగకముందే ఇవన్నీ రాస్తే సగం భయం పోతుంది. కింద తల్లిదండ్రుల సంతకం, కాపీ మీద స్కూలు ముద్ర తప్పకుండా వేయించుకోవాలి. నోటిమాటగా వద్దన్నది రాతలో అంత తేలిగ్గా అనలేరు.

రమణి_కూకట్‌పల్లి
సింగ్ గారి మాట, లాయరమ్మ గారి ఉత్తరం రెండూ ఇప్పుడే వాళ్లకి చూపించాను. క్లాసులో మిగతా పిల్లల తల్లిదండ్రులుగా మాకేమీ అభ్యంతరం లేదని మేము కూడా ఒక కాగితం రాసి ఇద్దామనుకుంటున్నాం. ఇప్పటికి నలుగురు సంతకం చేస్తామన్నారు, ఇద్దరు ఆలోచించి చెప్తామన్నారు.

మాటకు_మాట
ఆ ఇద్దరితో గొడవ పడకండి. కుట్టిన ఒర ఒకసారి చూపించండి.